ముద్ద దిగడం లేదా? అన్నీ గ్యాసు కాదు

మర్రిగూడ ప్రాంతంలో ఓ.పి.లో కూర్చునే వైద్యుడికి రోజుకు ఎక్కువసార్లు వినిపించే మాట "గ్యాసు". ఛాతీలో మంట అయినా గ్యాసే, పుల్లతేన్పులయినా గ్యాసే, నడుం పట్టేసినా గ్యాసే. ఆఖరికి గుండెపోటు వచ్చినవాడు కూడా "జర గ్యాసు పట్టింది సారూ, ఒక సూది ఇయ్యిండ్రి" అంటూనే లోపలికి వస్తాడు. ఈ ఒక్క మాట వెనుక కనీసం అయిదారు జబ్బులు దాక్కుని ఉంటాయి. వాటిలో రెండింటి గురించి ఈ వారం చెబుతాను. ఒకటి మీకందరికీ తెలిసినదే. రెండోది చాలామంది వినని జబ్బు. నేనే దాన్ని ఒక మనిషిలో ఏడాదిపాటు పోల్చుకోలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ మనిషి ట్రాక్టరు నడిపే కుర్రాడు. ఇరవై నాలుగేళ్లుంటాయి. "సారూ, బువ్వ దిగుతలేదు. ఛాతీల అడ్డం పడ్డట్టు అయితది" అన్నాడు. మంట ఉందా అని అడిగాను. అప్పుడప్పుడు ఉందన్నాడు. మిరపకాయలు తగ్గించమని చెప్పి, ఆమ్లం తగ్గించే బిళ్లలు రాసిచ్చాను. నెల తరువాత వచ్చాడు, మళ్లీ అవే బిళ్లలు ఇచ్చాను. అలా ఏడాది గడిచింది. దసరా పండుగనాడు మాంసం ముక్క గొంతు కింద ఇరుక్కుని, ఉమ్మి కూడా మింగలేని స్థితిలో అతన్ని 108లో నగరానికి తీసుకువెళ్లవలసి వచ్చింది. అక్కడ గొట్టం వేసి ముక్క తీశారు. అసలు జబ్బేమిటో కూడా అప్పుడే తేలింది. అదేమిటో తెలియాలంటే ముందు అన్నవాహిక సంగతి తెలియాలి.

అన్నవాహిక చేసే పని

గొంతునుంచి జీర్ణాశయం దాకా ఉండే కండరాల గొట్టమే అన్నవాహిక. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. మనం మింగిన ముద్ద తన బరువుకు తానే జారిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ గొట్టం పైనుంచి కిందికి అలలాగా ముడుచుకుంటూ ముద్దను నెడుతుంది. అందుకే పడుకుని మింగినా ముద్ద కడుపులోకే వెళుతుంది.

గొట్టం కింది చివర, జీర్ణాశయంలో కలిసేచోట, ఒక కండరాల బిగింపు ఉంటుంది. సంచి మూతికి కట్టిన తాడులాంటిది అది. ముద్ద వచ్చినప్పుడు వదులవుతుంది, ముద్ద దిగగానే బిగుసుకుంటుంది. జీర్ణాశయంలో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. జీర్ణాశయపు లోపలి గోడకు జిగురు పొర రక్షణగా ఉంటుంది గనుక ఆ ఆమ్లాన్ని తట్టుకుంటుంది. అన్నవాహికకు అంతటి రక్షణ లేదు. మూతి తాడు వదులైతే ఆమ్లం పైకి ఎగదన్ని ఆ సున్నితమైన పొరను కాలుస్తుంది. రొమ్ము ఎముక వెనుక లేచే మంట ఇదే.

మంట ఎవరికి, ఎందుకు?

బొజ్జ పెరిగినవారికి, కడుపుతో ఉన్న స్త్రీలకు, కడుపునిండా తిని వెంటనే పడుకునేవారికి, పొగ తాగేవారికి, సారా, బ్రాందీ అలవాటున్నవారికి ఇది ఎక్కువ. కొందరిలో జీర్ణాశయపు పైభాగం కొంత, ఛాతీని పొట్టను వేరుచేసే పొర రంధ్రంలోంచి పైకి జారి ఉంటుంది. దాన్నే హయేటస్ హెర్నియా అంటారు. వీరిలో మూతి బిగింపు మరీ బలహీనంగా ఉంటుంది.

లక్షణాలు అందరికీ ఒకేలా ఉండవు. మంట, పుల్లని నీరు నోట్లోకి రావడం సాధారణం. కొందరికి మంటే ఉండదు. రాత్రిపూట దగ్గు, తెల్లవారుజామున గొంతు బొంగురు, పళ్ల అరుగుదల మాత్రమే కనిపిస్తాయి. దగ్గు మందులు సీసాలకు సీసాలు తాగినా తగ్గనప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి.

మా ప్రాంతపు ప్రత్యేకత

నల్లగొండ జిల్లా పేరు వైద్యశాస్త్రంలో ఫ్లోరోసిస్‌తో ముడిపడి ఉంది. ఇక్కడి ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్ సిద్ధికీ వ్యాసం వెలువడింది. మర్రిగూడ మండలంలో ఎముకలు వంగిన మనుషులు లేని ఊరు తక్కువ. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ దశాబ్దాలపాటు బోరునీళ్లు తాగిన ఒంట్లోని ఎముకలు మళ్లీ మామూలు కావు. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చనీ మనదేశ ప్రమాణం. అంతకు మించితే ఎముకలకూ పళ్లకే కాక కడుపుకూ కీడే. ఫ్లోరైడు కడుపులోని ఆమ్లంతో కలిసి లోపలి పొరను రేపుతుంది. వికారం, కడుపునొప్పి, ఆకలి మందగించడం దీనివల్ల కూడా రావచ్చు. నల్లా నీరు వస్తున్నా "రుచి లేదు" అని బోరునీళ్లే తాగేవారు ఈ మాట చెవిన పెట్టాలి.

దీనికి తోడు మరొక ముప్పు ఉంది. కీళ్లనొప్పులకు జనం మందుల దుకాణంలో నొప్పి బిళ్లలు కొని మింగుతారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి నొప్పిని తగ్గిస్తాయిగానీ, రోజుల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. నొప్పి బిళ్ల మంట తెస్తుంది, మంటకు గ్యాసు బిళ్ల, మర్నాడు మళ్లీ నొప్పి బిళ్ల. ఇలా ఏళ్ల తరబడి తిరిగే అవ్వలను, తాతలను నేను వారం వారం చూస్తున్నాను. అయితే గుండె వైద్యుడు రాసిన ఆస్ప్రిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. మంట పుడుతోందని ఆయనకే చెప్పండి.

బిళ్ల మింగే పద్ధతి కూడా ముఖ్యం. గుటకెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే, బిళ్ల అన్నవాహికలోనే అంటుకుని అక్కడ పుండు చేస్తుంది. డాక్సీసైక్లిన్, ఐరన్ బిళ్లలు, ఎముకల బలానికి ఇచ్చే కొన్ని బిళ్లలు ఇందుకు పేరుపడ్డవి. ఏ బిళ్ల అయినా కూర్చుని, గ్లాసెడు నీళ్లతో మింగి, అరగంట దాకా నడుం వాల్చకండి.

మందుకు ముందు చేయవలసినవి

రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య మూడు గంటలు ఉండాలి. చేను పనినుంచి, దుకాణం నుంచి ఆలస్యంగా వచ్చేవారికి ఇది కష్టమే. అలాంటివారు మధ్యాహ్నం పెద్ద భోజనం చేసి, రాత్రి సగం కడుపుకే తినండి.

మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు ఎత్తు చేయండి. దిండుమీద దిండు వేసుకుంటే పొట్ట మడతపడి మంట పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది.

నడుం దగ్గర బెల్టు, లంగా నాడా మరీ బిగించకండి. బరువు ఎక్కువున్నవారు కొద్దిగా తగ్గినా తేడా తెలుస్తుంది. సిగరెట్టు, బీడీ, గుట్కా మానేయాలి. ఇక కారం, పులుపు, చాయ్, మిర్చిబజ్జీ సంగతి. అందరికీ అన్నీ మానమని నేను చెప్పను. ఏది తిన్న రోజు మంట లేస్తుందో పదిరోజులు కాగితం మీద రాసుకోండి. మీకు పడనిదేదో మీకే తెలుస్తుంది. దాన్ని మానితే చాలు.

మందుల సంగతి

ఒకప్పుడు సున్నపు పాలవంటి తెల్లని మందునీళ్లే గతి. 1970ల్లో సిమెటిడిన్ వచ్చింది. దాన్ని కనిపెట్టడంలో ముఖ్యుడైన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించింది. తరువాత రానిటిడిన్ ఇంటింటి మందయింది. అందులో కేన్సరుకారక పదార్థం ఆనవాళ్లు ఉండవచ్చని తేలి, 2020లో అమెరికా దాన్ని దుకాణాలనుంచి వెనక్కి పిలిపించింది. మనదేశం 2022లో దాన్ని ముఖ్యమైన మందుల జాతీయ జాబితానుంచి తొలగించింది.

ఇప్పుడు ఎక్కువగా వాడేవి ఒమెప్రజోల్, పాంటప్రజోల్ జాతి మందులు. వీటిని వాడే పద్ధతి సగంమందికి తెలియదు. మంట లేచాక మింగితే లాభం తక్కువ. పొద్దున టిఫినుకు అరగంట ముందు, పరగడుపున వేసుకోవాలి. మామూలుగా నాలుగునుంచి ఎనిమిది వారాలు చాలు. ఆపగానే కొన్నాళ్లు మంట మళ్లీ ఎగదన్నవచ్చు. దానికి భయపడి ఏళ్లతరబడి మీ అంతట మీరే వాడకండి. ఎంతకాలం అన్నది వైద్యుడు తేల్చాలి. కొందరికి నిజంగానే ఎక్కువకాలం అవసరమవుతుంది.

ఇక రెండో జబ్బు

పైన చెప్పిన కుర్రాడికి ఉన్నది ఆమ్లపు జబ్బు కాదు. అన్నవాహికలో అలర్జీ వల్ల వచ్చిన వాపు. దీన్ని ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అంటారు. పేరు పెద్దదయినా సంగతి చిన్నదే.

"ఇస్నోఫీలియా" అన్న మాట మీరు వినే ఉంటారు. ఇసినోఫిల్స్ అనేవి రక్తంలోని తెల్లకణాల్లో ఒక రకం. అలర్జీలలోనూ, నులిపురుగుల వంటి వాటిలోనూ ఇవి పెరుగుతాయి. ఆరోగ్యవంతుని అన్నవాహిక పొరలో ఇవి ఉండవు. కొందరి ఒంటికి పాలో, గోధుమో, గుడ్డో పడక, ఈ కణాలు అన్నవాహిక పొరలో గుమిగూడి వాపు తెస్తాయి. ఆ వాపు ఏళ్లతరబడి ఉంటే గొట్టం మచ్చకట్టి, గట్టిపడి, సన్నబడుతుంది. అప్పుడు ముద్ద ఇరుక్కుంటుంది.

ఇది వైద్యులకు కూడా కొత్త జబ్బే. దీన్ని ప్రత్యేకమైన వ్యాధిగా 1993లో ఆట్‌వుడ్ బృందమూ, 1994లో స్విట్జర్లాండులో స్ట్రామన్ బృందమూ వివరించారు. 1995లో అమెరికాలో కెల్లీ బృందం, మందులకు లొంగని పిల్లలకు మామూలు తిండి ఆపి, అలర్జీ కలిగించని ప్రత్యేక పోషకాహారం ఇస్తే జబ్బు తగ్గుతుందని చూపించింది. జబ్బుకు మూలం తిండిలో ఉందని అలా రుజువైంది. నేను చదువుకున్న రోజుల్లో మా పాఠ్యపుస్తకంలో దీని పేరు లేదు. మనదేశంలో అరుదే గాని, లేదనడానికి వీలులేదు. ఉత్తరాదిన ఒక పెద్ద ఆసుపత్రి, ఆమ్లపు మంట ఉన్న రోగులను పరీక్షించి 2017లో వెల్లడించిన ఫలితాల్లో నూటికి సుమారు ముగ్గురిలో ఇది బయటపడింది.

ఎలా పోల్చుకోవాలి?

మంట ముఖ్యమైతే ఆమ్లమనీ, ముద్ద అడ్డుపడటం ముఖ్యమైతే అలర్జీ వాపు కావచ్చుననీ మొదట అనుమానించాలి. ఈ రోగులు ఎక్కువగా మగవారు, వయసులో ఉన్నవారు. చాలామందికి ఉబ్బసం, తుమ్ములు, ఒంటిమీద గజ్జి లాంటి దురద వంటి అలర్జీలు చిన్ననాటి నుంచీ ఉంటాయి. మా కుర్రాడికి చిన్నప్పుడు పిల్లికూతలు ఉండేవట. నేను అడగలేదు, అతడు చెప్పలేదు.

మరొక విషయం. ఈ రోగులు తమ కష్టాన్ని తమకు తెలియకుండానే దాచేస్తారు. ముద్దముద్దకూ నీళ్లు తాగుతారు. రొట్టెను చారులో నానబెట్టి తింటారు. మాంసాన్ని గోరంత ముక్కలు చేస్తారు. పెళ్లి భోజనంలో అందరూ లేచినా ఇంకా విస్తరి ముందే కూర్చుంటారు. "వీడు చిన్నప్పటినుంచి గంట తింటడు సారూ" అని కుర్రాడి తల్లి నాతో అన్నది. ఆ ఒక్కమాట మొదటిరోజే విని ఉంటే ఏడాది వృథా అయ్యేది కాదు.

రక్తపరీక్ష దీనికి చాలదు. రక్తంలో ఇసినోఫిల్స్ మామూలుగా ఉన్నా అన్నవాహికలో ఈ జబ్బు ఉండవచ్చు. ఎండోస్కోపీ చేసి, కంటికి పొర బాగానే కనిపించినా, వేర్వేరు చోట్లనుంచి కనీసం ఆరు చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఒక్క దృశ్యక్షేత్రంలో 15 లేక అంతకు మించి ఇసినోఫిల్స్ ఉంటే జబ్బు ఉన్నట్లు అనుమానించి, ఇతర కారణాలు లేవని తేల్చుకుంటారు. కనుక ముద్ద అడ్డుపడే రోగి ఎండోస్కోపీకి వెళ్లినప్పుడు "ముక్క తీసి పరీక్షకు పంపుతారా?" అని అడగడం తప్పు కాదు.

చికిత్స

మూడు దారులున్నాయి. మొదటిది, ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ జాతి మందులే. ఇవి ఈ వాపును కూడా సుమారు సగంమందిలో తగ్గిస్తాయి. అయితే మోతాదు ఎక్కువ, తరువాత మళ్లీ ఎండోస్కోపీ చేసి చూడాలి. లక్షణాలు తగ్గినంతమాత్రాన వాపు తగ్గినట్లు కాదు.

రెండవది, ఉబ్బసానికి వాడే స్టిరాయిడ్ మందును పీల్చకుండా నోట్లో కొట్టుకుని మింగడం, లేదా చిక్కని ద్రవంలో కలిపి మింగడం. అరగంటదాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. వేసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

మూడవది, పడని తిండిని మానడం. పాలు, గోధుమ, గుడ్డు, సోయా, పల్లీలు మొదలైన గింజపప్పులు, చేపలు అనే ఆరింటిని ఒకప్పుడు ఒకేసారి మాన్పించేవారు. 2023లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, పెద్దవారిలో పాలు ఒక్కటి మానినా దాదాపు అంత ఫలితమే కనిపించింది. ఛాతీలో మంట అంటే మన ఇళ్లలో వెంటనే చల్లని పాలో, మజ్జిగో ఇస్తారు. ఆమ్లపు మంటకు దానితో కాసేపు హాయి కలగవచ్చు. ఈ జబ్బులో మాత్రం చాలామందికి శత్రువు ఆ పాలే. గోధుమ మానవలసివస్తే మనకు చింతలేదు. జొన్నరొట్టె, బియ్యం మన తిండే. కాని పరీక్ష చేయించకుండా, ముఖ్యంగా పిల్లలకు, మీ అంతట మీరు పాలు, గుడ్లు ఆపకండి. బలహీనపడతారు.

గొట్టం బాగా సన్నబడితే మెల్లగా సాగదీస్తారు. 2022లో డుపిలుమాబ్ అనే సూదిమందుకు అమెరికా అనుమతి ఇచ్చింది గాని, దాని ఖరీదు సామాన్యునికి అందేది కాదు.

మా కుర్రాడు పాలు మానాడు, మింగే స్టిరాయిడ్ వాడాడు. మూడు నెలల తరువాత చేసిన పరీక్షలో వాపు బాగా తగ్గింది. ఇప్పుడు మాంసం తింటున్నాడు, మెల్లగానే. చాయ్ మానడమే కష్టంగా ఉందంటాడు. "మందు ఆపితే మళ్లొస్తదా సారూ?" అని అడిగాడు. వస్తుందనే చెప్పాను. ఇది అదుపులో ఉంచుకోవలసిన జబ్బు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

ముద్ద ఇరుక్కుని ఉమ్మి కూడా మింగలేకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అరటిపండు, అన్నం ముద్ద మింగి దాన్ని నెట్టాలని చూడకండి. గొట్టం చిరిగే ప్రమాదముంది.

ఛాతీ బరువుతోపాటు చెమటలు, ఆయాసం, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి ఉంటే గ్యాసు అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి. ముందు ఇ.సి.జి. తీయించండి. 108కు ఫోను చేయండి.

నలభై, యాభై దాటినవారికి ముద్ద అడ్డుపడటం కొత్తగా మొదలై రోజురోజుకూ పెరుగుతున్నా, బరువు తగ్గుతున్నా, రక్తపు వాంతి, తారులాంటి నల్లని విరేచనం, రక్తహీనత ఉన్నా కేన్సరు కాదని తేల్చుకోవాలి. పొగాకు, సారా అలవాటున్నవారు ఒక్కవారం కూడా వాయిదా వేయవద్దు.

పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మంట లేచినప్పుడల్లా నీళ్లలో సోడా పొడి కలుపుకుని తాగుతాను. వెంటనే తగ్గుతుంది. రోజూ తాగవచ్చా?

జవాబు: వద్దు. ఎప్పుడైనా ఒకసారి సరే. దానిలో సోడియం ఎక్కువ. రక్తపుపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి హాని. వారానికి రెండుసార్లకు మించి కావలసివస్తోందంటే మీకు కావలసింది సోడా కాదు, వైద్యుడు.

ప్రశ్న: మా ఆరేళ్ల పాప అన్నం నోట్లో పెట్టుకుని అరగంట కూర్చుంటుంది. ఒక్కోసారి వాంతి చేసుకుంటుంది. దిష్టి తగిలిందని మా అత్తగారు అంటారు.

జవాబు: అత్తగారి మాట కాదనకండి, ఆమె తృప్తికోసం దిష్టి తీయండి. మర్నాడు పాపను పిల్లల వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. పిల్లలు మారాం చేయడం మామూలే. అయితే బరువు పెరగకపోయినా, గట్టి తిండి అసలే వద్దన్నా, ఉబ్బసం, చర్మపు దురద కూడా ఉన్నా పైన చెప్పిన అలర్జీ వాపు గురించి ఆలోచించాలి. తిననందుకు కొట్టకండి.

ప్రశ్న: ఎండోస్కోపీ అంటే భయం. తప్పదా?

జవాబు: మంట ఉన్న ప్రతివారికీ అవసరం లేదు. పైన చెప్పిన ప్రమాద లక్షణాలు ఉన్నవారికి తప్పదు. పరగడుపున వెళ్లాలి. గొంతులో మొద్దుబారే మందు కొడతారు. పదినిమిషాల పని. వాంతి వచ్చినట్లు అనిపిస్తుంది గాని నొప్పి ఉండదు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తారు. వెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకువెళ్లండి. మీ ఒంటికి పడని తిండి ఏదైనా ఉంటే వైద్యుడు అడగకపోయినా చెప్పండి. మీ ఇంట్లో ఎవరైనా అందరికంటే ఆలస్యంగా భోజనం ముగిస్తుంటే, ఆ సంగతి కూడా చెప్పండి.